బలురక్కసి కషాయం: పరీక్ష ల్యాబ్‌లో మొదలవ్వాలా, ఊళ్లోనా?

పొలంగట్టు:
ముళ్ల ఆకులు, పసుప్పచ్చ పూలు, తుంచితే పసుపురంగు పాలు కారే బలురక్కసి మన గట్ల మీద చూసే ఉంటారు. పశువు మూతి కూడా పెట్టదు. ఆఫ్రికాలోని మాలి దేశంలో పల్లెజనం దీన్నే కాచి మలేరియా జ్వరానికి తాగుతారు. అక్కడ దాన్ని పరీక్షించిన తీరే సరైనదని నా వాదన.

మామూలుగా మొక్కలోని పదార్థాన్ని విడదీసి, ఎలుకలకిచ్చి, ఏళ్ల తర్వాత మనిషి దగ్గరికొస్తారు. అక్కడ తిరగేశారు. ముందు ఇంటింటికీ వెళ్లి, మొన్న జ్వరమొస్తే ఏం తాగారు, తగ్గిందా అని అడిగారు. 66 మొక్కలు తేలాయి. వాటిలోంచి బలురక్కసిని ఎంచుకుని, మిస్సిదుగు ఊళ్లో 80 మందికి మూడు మోతాదుల్లో ఇచ్చారు. రోజుకొకసారి చొప్పున మూడు రోజులు తాగితే 35 శాతం మందికే పనిచేసింది. రోజుకు రెండుసార్లు వారం తాగితే 73 శాతానికి. ఎంత తాగాలో ఏ ఎలుకా చెప్పలేదు, ఊరు చెప్పింది. ఆ తర్వాతే 301 మందితో, మాత్రలతో పోల్చి చూశారు. ఫలితాలు 2010లో అచ్చయ్యాయి.

జ్వరాలవార్డు:
పొలంగట్టు గారూ, ఆ 301 మందిలో సుమారు సగం ఐదేళ్లలోపు పిల్లలే. ఆర్టిసునేట్-అమోడయాక్విన్ అనే మలేరియా మాత్రలు వేసుకున్నవాళ్లలో 95 శాతానికి రెండో మందు అక్కర్లేకపోయింది. కషాయం తాగినవాళ్లలో 89 శాతానికే. పైగా ఆ 80 మందిలో ఒంట్లోని మలేరియా క్రిములు పూర్తిగా పోయింది చాలా కొద్దిమందికే. సాయంత్రం కబుర్లు చెప్పిన పిల్లాడికి తెల్లారేసరికి ఫిట్స్ రావడం నేను వార్డులో చూశాను. ఆ ఆరు శాతం తేడా నాకు చిన్నది కాదు.

పొలంగట్టు:
చిన్నదని నేనూ అననమ్మా. కానీ ఐదేళ్లలోపు పిల్లల్లో జబ్బు ముదిరినవాళ్లు రెండు వైపులా 1.9 శాతమే. మాత్ర అందే ఊళ్లో మాత్రే ఇవ్వాలి. వానాకాలం దారి తెగిపోయే ఊరి సంగతే నేను అడుగుతున్నది.

మొక్కలబడి:
ఇద్దరూ గింజను వదిలేశారు. ఆవాల్లా నల్లగా ఉంటుంది. 1998లో ఢిల్లీలో ఆ నూనె ఆవనూనెలో కలిసి, జనానికి ఒళ్లంతా నీరు పట్టి, 60 మందికి పైగా చనిపోయారు. ఆ విషం శాంగ్వినరిన్ అని ల్యాబే చెప్పింది, ఊరు కాదు. ఏ భాగం కోయాలో, కాయ రాకముందే కోయాలో తేల్చకుండా ఎవరికీ తాగించకూడదు. ఇది చదివి దయచేసి ఎవరూ ఇంట్లో కాచుకోకండి.

ఇంకోటి. ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో వైపు. ఆఫ్రికాకు వచ్చింది కొన్ని వందల ఏళ్ల కిందటే. కాబట్టి తరతరాల వాడకమే రుజువు అనే మాట ఇక్కడ నిలవదు. ఇంటింటి లెక్కే రుజువు. అందులో నేను పొలంగట్టు గారి వైపే.

జ్వరాలవార్డు:
గింజ మాట నాకు తట్టలేదు, థాంక్సండీ. పొలంగట్టు గారూ, ఒక్కటి చెప్పండి. దారి తెగిన ఆ ఊళ్లో, కషాయం తాగినా జ్వరం దిగని పిల్లాడిని గుర్తుపట్టి, దాచిన మాత్ర తీసి ఇచ్చే మనిషి ఉంటాడా? ఉంటే నా అభ్యంతరం సగం వెనక్కి తీసుకుంటాను.