గేమింగ్ ల్యాప్‌టాప్‌ని ఎప్పుడూ టేబుల్ మీదే వాడితే బ్యాటరీ సంగతేంటి?

అందరికీ నమస్తే. డెస్క్‌టాప్ తీసేసి 18 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ పెట్టుకోవాలనుకుంటున్నాను. గ్రాఫిక్స్ చిప్ పేరు ఆర్‌టీఎక్స్ 4090 అని ఒకటే అయినా ల్యాప్‌టాప్‌లో 16 జీబీ, డెస్క్‌టాప్‌లో 24 జీబీ మెమరీ అని తెలుసు. దాంతో నాకు ఇబ్బంది లేదు. నా టెన్షనంతా బ్యాటరీ గురించే. రోజంతా ఛార్జర్‌కే తగిలించి ఉంటుంది, పైగా వీడియో ఎడిటింగ్ వేడి. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెడితే ఏళ్ల తరబడి వాడినా బ్యాటరీ ఉబ్బకుండా ఉంటుందా?

బయటి మానిటర్ పెట్టి, మూత మూసి వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? కొన్ని మోడళ్లలో కీబోర్డు వైపు నుంచి కూడా గాలి లోపలికి వెళ్తుంది కదా, మూస్తే వేడి పెరుగుతుందేమోనని అనుమానం. ఇంకోటి, హెచ్‌డీఎంఐ, టైప్-సీలలో ఏ పోర్టు నేరుగా గ్రాఫిక్స్ చిప్‌కి వెళ్తుందో కొనేముందే ఎలా తెలుసుకోవాలి? ఇలా వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.