'రేయ్‌వా'లోని 'వా'

జపాన్‌లో 2019 మే 1న మొదలైన 'రేయ్‌వా' శకం పేరులో 'వా'కు అర్థమేమిటని సభ్యులొకరు అడిగారు. సామరస్యమని చెప్పి ఊరుకోవచ్చు గాని, జపనీయులు దానిని రాసే చైనా లిపి అక్షరం చరిత్ర అంతటితో తీరేది కాదు.

ప్రాచీన చైనా గ్రంథాలు జపాన్ దీవుల ప్రజలను ప్రస్తావించినప్పుడు వాడిన అక్షరం వేరు. జపనీయులు దానినీ 'వా' అనే చదివేవారు గాని, అందులో వంగి, అణగి ఉండటమనే ఛాయ ఉందని చాలామంది వ్యాఖ్యానించారు. చైనా లిపిలో పట్టు చిక్కిన జపనీయులు 8వ శతాబ్దంలో ఆ అక్షరాన్ని విడిచి, అదే ఉచ్చారణ గల సామరస్యపు అక్షరాన్ని తమ పేరుకు ఎంచుకున్నారు. ఈ అక్షరానికి ముందువైపు 'గొప్ప' అనే అర్థమిచ్చే అక్షరాన్ని చేర్చి, ఆ జంటను తమ దేశానికి ఉన్న దేశ్యనామమైన 'యమతో' అని చదివారు. మనం 'జలం' అని రాసి 'నీళ్లు' అని చదివితే ఎలా ఉంటుందో ఇది అలాంటిది. తత్సమాలను ధ్వనితో సహా స్వీకరించిన మనకు ఈ పద్ధతి వింతగా తోచినా, జపనీయ లిపికి ఇదే ఆయువుపట్టు.

పరిపాలనలోనూ ఈ అక్షరానికి పెద్దపీట వేశారు. యువరాజు షోతోకు 604లో రచించినట్లు జపాన్ ప్రాచీన చరిత్ర గ్రంథం 'నిహోన్ షోకి' చెప్పే పదిహేడు అధికరణల శాసనం, సామరస్యమే విలువైనదన్న మాటతో మొదలవుతుంది. ఆ మాట కన్ఫ్యూషియస్ సూక్తుల సంకలనం నుంచి వచ్చినదే. అయితే అక్కడ సామరస్యం మర్యాదా విధులను ఆచరించడంలో ఉండవలసిన గుణం. ఇక్కడ మర్యాదను నాలుగో అధికరణకు జరిపి, సామరస్యాన్ని ఒంటరిగా ముందు నిలిపారు. తెచ్చుకున్న వాక్యాన్ని ఎక్కడ తుంచాలో తెలిసిన చేయి అది. నా దృష్టిలో ప్రభావమనే మాట కంటే ఎంపిక అనే మాటే ఈ పనికి తగినది.

ఇక అసలు ప్రశ్న. అంతకుముందరి శకనామాలకు చైనా గ్రంథాలు ఆధారం కాగా, 'రేయ్‌వా'ను జపాన్ కవితా సంకలనమైన 'మన్‌యోషూ' నుంచి తీసుకున్నామని ప్రభుత్వం ప్రకటించింది. 730లో దజైఫు పట్టణంలో కవి ఓతొమొ నో తబితొ ఇంట జరిగిన ప్లమ్ పూల విందు కవితల పీఠికలోని మాటలవి. ఆ పీఠిక చైనా భాషలోనే ఉంది. 2వ శతాబ్దపు చైనా కవి జాంగ్ హెంగ్ పంక్తిని దగ్గరగా అనుసరిస్తుంది. కాబట్టి శకనామంగా 'వా'కు సామరస్యమన్న అర్థమే చెల్లుతున్నా, ఆ మూలవాక్యంలో అది మనుషుల మధ్య పొత్తును గురించి చెప్పినది కాదు. వసంతారంభపు శుభమాసంలో గాలి మృదువుగా వీస్తోందని మాత్రమే దాని భావం.