ఉన్ని కోటు, వెండి మెడల్ ఒకే బీరువాలో పెడితే ఇబ్బందా?

పాతగుండీ:
నమస్కారం అండీ. నా దగ్గర తొమ్మిది యూనిఫాంలు, నలభై పైచిలుకు మెడల్స్ ఉన్నాయి. ఎక్కువ భాగం మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సరుకే. ఇన్నేళ్ళూ పెట్టెల్లోనే మగ్గాయి. అబ్బాయి వేరే కాపురం పెట్టాక ఒక గది ఖాళీ అయింది. ఆశ పుట్టి చెక్కతో అద్దాల బీరువా చేయించాను. లోపల నాలుగు లైట్లు. మూడు ఖాకీ ఉన్ని కోట్లు హ్యాంగర్లకు తగిలించి, మెడల్స్ వాటి మీదే గుచ్చాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది.

ఆరు నెలలు తిరిగేసరికి వెండివి నల్లబడ్డాయి. అంతకంటే టెన్షన్ పెట్టింది రిబ్బన్. విక్టరీ మెడల్‌కి ఇంద్రధనుస్సు రంగుల రిబ్బన్ ఉంటుంది కదా, నిన్న దాన్ని వెనక్కి తిప్పి చూశాను. వెనక ఊదా, ఎరుపు అన్నీ నిన్న నేసినట్టున్నాయి. ముందువైపు మాత్రం కాఫీలో ముంచి తీసినట్టుంది. సాయంత్రం పూట కిటికీలోంచి ఒక గంట ఎండ పడుతుంది, అంతే.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. నల్లబడినప్పుడల్లా పాలిష్ పెట్టి రుద్దేవాణ్ణి. ఇప్పుడు ఒక వార్ మెడల్ (వెండిది, వెనక గుర్రపు రౌతు బొమ్మ ఉంటుంది) మీద గుర్రానికి ముఖం ఉందంటే ఉంది, కన్ను మాత్రం లేదు. మొత్తం మళ్ళీ పెట్టెల్లో సర్దేయమంటారా?

కంచుబిళ్ళ:
సర్దొద్దు. పెట్టెలో పెట్టి మరిచిపోతే పురుగు కొడుతుంది, అదింకో ఏడుపు. ముందు ఈ రోజే మెడల్స్‌ని కోట్ల మీంచి తీసేయండి.

ఉన్నిలో సహజంగానే గంధకం ఉంటుంది. మూసిన బీరువాలో అది కొద్దికొద్దిగా వాయువుగా బయటికొచ్చి వెండిని నల్లబరుస్తుంది. నల్లబడిందని మీరు రుద్దుతారు, రుద్దినప్పుడల్లా కాస్త వెండి పోతుంది. ఆ వార్ మెడల్ అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఉంటాయి. అసలు విలువ ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది. పేరు అరిగిపోతే మిగిలేది వెండి బిళ్ళ. కాబట్టి ఇక పాలిష్ డబ్బా ముట్టుకోకండి. నల్లగా ఉంటే ఉండనివ్వండి, వందేళ్ళ వస్తువు వందేళ్ళ దానిలాగే ఉండాలని నా మతం.

మెడల్స్‌కి వేరే లోతైన ఫ్రేమ్ కట్టించండి. అడుగున వెల్వెట్ అంటారు అందరూ, వద్దు. రంగు వేయని కాటన్ గుడ్డ నాలుగైదుసార్లు ఉతికి, ఆరాక పరవండి. బరువు రిబ్బన్ మీద వేలాడకుండా మెడల్ కింద చిన్న ఆసరా ఉండాలి.

వెలుతురు సంగతి. మ్యూజియంలలో బట్టలకు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు. నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. మీరు 'ఒక గంట, అంతే' అన్నారు చూడండి, ఆ గంట మ్యూజియం లెక్కలో కొన్ని నెలలు. పోయిన రంగు తిరిగి రాదు, బీరువాను ఎండ పడని గోడకు జరపండి. లైట్లు కూడా లోపల వద్దు, వేడికి గాలి ఆరుతుంది, ఆపగానే మళ్ళీ చెమ్మ పడుతుంది.

ఇక నేను చేసిన ఘనకార్యం. ఒక కోటును సన్నటి ఇనుప హ్యాంగర్‌కి మూడేళ్ళు వదిలేశాను. దించితే భుజం మీద ముక్కులా పొడుచుకొచ్చింది, లోపలి అస్తరుకు తుప్పు గీత. తోలు బెల్టు కూడా దానికే తగిలించానేమో, ఇత్తడి బకిల్ తోలుకు ఆనిన చోట పచ్చటి మైనంలాంటి చిలుము పేరుకుంది. ఇప్పుడు వెడల్పు హ్యాంగర్‌కి దూది చుట్టి, పైన ఉతికిన కాటన్ తొడిగి వాడుతున్నాను. కోటు చేతుల్లోపల యాసిడ్ ఫ్రీ టిష్యూ (ఆమ్లం లేని పల్చటి కాగితం) ఉండలు చుట్టి పెడతాను. బెల్టులు విడిగా పడుకోబెడతాను.

తొమ్మిదీ ఒకేసారి పెట్టకండి. రెండు బయట, ఏడు లోపల, నాలుగు నెలలకోసారి మార్పు. చూసేవాళ్ళకూ విసుగు రాదు.

చిలుకకొయ్య:
పురుగు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. కలరా ఉండలు వేయకండి, వాసన గుడ్డకు పట్టేస్తే వదలదు, పాత ప్లాస్టిక్ గుండీలకూ మంచిది కాదు. అనుమానం ఉన్న ఉన్ని బట్టను పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటకు తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి, విప్పితే గుడ్డ మీద చెమ్మ పడుతుంది. కాలర్ కింద, జేబు మూతల కింద బియ్యపు గింజలాంటి గూళ్ళు కనిపిస్తే అవే.

అన్నట్టు బీరువా ఏ చెక్క? ఓక్ అయితే ఆ చెక్కలోంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది, సీసం ఉన్న బ్యాడ్జీలు తెల్లగా పొడి రాలతాయి.

మూడోవరుస:
ఫ్రేమ్ కట్టించేటప్పుడు వరుస చూసుకోండి. ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ నుంచి ముందు 1914-15 స్టార్ (నక్షత్రం ఆకారపు మెడల్), తర్వాత వార్ మెడల్, చివర విక్టరీ. స్టార్‌కి పేరు వెనకవైపు ఉంటుంది, గుచ్చేస్తే ఇక కనపడదు. ముందే ఫొటో తీసి పక్కన పెట్టండి. ఇంకో మనవి, ఒకే మనిషి మూడు మెడల్స్‌ని అందం కోసం విడగొట్టి వేరే వాటితో కలపకండి. అది చూస్తే నాకు కడుపు రగులుతుంది.

పాతగుండీ:
కంచుబిళ్ళ గారూ, రాత్రే అన్నీ దించేశాను. బీరువా ఓక్ కాదు, ప్లైవుడ్, ఇంకా కొత్త వాసన పోలేదు. తలుపులు తీసి వదిలేశాను. మూడో కోటు జేబు మూత ఎత్తితే చిలుకకొయ్య గారు చెప్పిన గింజలు నాలుగు ఉన్నాయండీ. కోటు ఇప్పుడు ఫ్రీజర్‌లో ఉంది. మా ఆవిడ అడిగింది, ఐస్ ఎక్కడ పెట్టుకోవాలని. విడగొట్టిన సెట్ ఒకటి ఉంది, మూడోవరుస గారూ. అంచు మీద పేర్లు కలిపి చూస్తున్నాను.

కంచుబిళ్ళ:
ప్లైవుడ్ అయితే ఇంకొన్ని నెలలు తెరిచే ఉంచండి, అందులోంచీ ఆవిర్లు వస్తాయి. ఆ కన్ను పోయిన గుర్రం ఫొటో ఒకటి పెట్టండి, అంచు మీద పేరు మిగిలిందేమో చూద్దాం.