బాంగర్ నార్మల్ కాలేజీ రికార్డులు: వెల్ష్‌ని బడి నుంచి తరిమింది కాలేజీయా, గ్రాంటా?

గోదారిగట్టు:
బ్రిటన్‌లో ఇంగ్లండ్ పక్కనుండే వేల్స్‌లో బాంగర్ అనే ఊళ్ళో 1858లో టీచర్ ట్రైనింగ్ కాలేజీ (దాన్నే నార్మల్ కాలేజీ అంటారు) పెట్టారు, 1996లో అక్కడి యూనివర్సిటీలో కలిపేశారు, పాత కాగితాలు ఇప్పుడు ఆ యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లోనే ఉన్నాయి. నా మాట ఒకటే. వచ్చిన కుర్రాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది వేల్స్ సొంత భాష వెల్ష్, కాలేజీ తయారుచేసి పంపింది మాత్రం ఇంగ్లిష్‌లో పాఠం చెప్పే మాస్టార్లని. మొదటి ప్రిన్సిపాల్ జాన్ ఫిలిప్స్ వెల్ష్ మనిషే, చర్చి పాస్టరు కూడా. బయటోళ్ళు వచ్చి చేసింది కాదు, తప్పు కాలేజీదే.

పాతదస్త్రం:
తొందరపడుతున్నారండీ. 1862లో లండన్ నుంచి రివైజ్డ్ కోడ్ వచ్చింది, అంటే బళ్ళకి సర్కారు గ్రాంటు ఎలా ఇవ్వాలో చెప్పే రూల్స్. పిల్లాడు చదవడం, రాయడం, లెక్కలు మూడూ పాసైతే బడికి 8 షిల్లింగులు, ఒక్కోటి తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత, వెల్ష్‌కి పైసా లేదు. మరుసటేడు కాలేజీల మీదా ఇదే పద్ధతి పడింది, రెండేళ్ళు చదివిన కుర్రాడు ఏదో ఒక బడిలో కుదురుకుని సర్టిఫికెట్‌కి అర్హుడైతేనే కాలేజీకి 100 పౌండ్లు. మరి ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో కాలేజీ రాసిపెట్టుకోక ఏం చేస్తుంది? అలాంటి రిజిస్టర్లో గ్రాంటుకి కావలసిందే ఉంటుంది గానీ భాష మీద ప్రేమ ఉంటుందా. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ రిజల్ట్ గ్రాంట్లు నడిచాయి, మన తాతల కాలం బళ్ళూ ఈ బాధ పడ్డవే.

మిరపతోట:
మా పాప చదివిన స్కూల్లో తెలుగు మాట్లాడితే ఐదు రూపాయలు ఫైన్. క్లాస్ లీడర్ దగ్గర ఓ రూళ్ళ నోట్‌బుక్, అందులో పేర్లు, పక్కన నిలువు గీతలు, నాలుగయ్యాక అడ్డగీత. మా పాప పేరు పక్కన పదకొండు గీతలు కళ్ళారా చూశా, ఇప్పటికీ కడుపు మండుతుంది. ఏడాది చివర్న ఆ నోట్‌బుక్ పాతపేపర్లవాడికి పోయింది, ఆఫీసులో అడిగితే అసలు అలాంటి రూలే లేదన్నారు. వందేళ్ళ తర్వాత ఎవరైనా ఆ స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ తిరగేస్తే మా పాప పేరు, పుట్టినతేదీ, కట్టిన ఫీజు తప్ప ఏం కనిపిస్తుంది చెప్పండి. ఆఫీసు కాగితాలొక్కటే చూసి శిక్షా వెయ్యకండి, క్లీన్‌చిట్టూ ఇవ్వకండి.

గోదారిగట్టు:
మిరపతోట గారూ, అచ్చం ఇదే అక్కడా జరిగింది. వేల్స్ బళ్ళ మీద వచ్చిన 1847 సర్కారు రిపోర్టులో వెల్ష్ కర్ర గురించి ఉంది. బళ్ళో వెల్ష్ మాట్లాడి దొరికిన పిల్లాడి చేతికి ఆ కర్ర ఇస్తారు, వాడు ఇంకొకణ్ణి పట్టేదాకా అది వాడిదే, వారం చివర్న ఎవరి దగ్గరుంటే వాడికి దెబ్బలు. ఎవరు వెల్ష్ మాట్లాడుతున్నారో పట్టుకోడానికి పిల్లలు తోటి పిల్లల ఇళ్ళ దగ్గర నక్కేవారట! దీనికి చట్టమూ లేదు ఆర్డరూ లేదు, మాస్టార్లే చేశారు. పాతదస్త్రం గారూ, మీ కోడ్ వచ్చింది 1862లో, కర్ర అంతకుముందే ఉందిగా?

పాతదస్త్రం:
ఒప్పుకుంటా, కర్ర ముందే ఉంది. కానీ ఆ రిపోర్టు రాసిన ముగ్గురూ వెల్ష్ రాని ఇంగ్లిష్ లాయర్లు, జనం వెనకబాటుకి భాషనే కారణంగా చూపించారు, ఆ అవమానంలోంచే జనం చందాలేసి ఈ కాలేజీ కట్టుకున్నారు. 1885లో డాన్ ఐజాక్ డేవిస్ అనే స్కూల్ ఇన్‌స్పెక్టర్ వాళ్ళు సొసైటీ పెట్టి పోరాడాక, వెల్ష్‌కీ గ్రాంటు వస్తుందన్నాకే బళ్ళలో దానికి చోటు దొరికింది. ఇంకోటి, ప్రతి హెడ్మాస్టరూ లాగ్‌బుక్, అంటే బడిలో జరిగింది రాసే పుస్తకం, రాయాలని పెట్టింది కూడా ఆ 1862 కోడే. కాలేజీ రిజిస్టర్లో ఒక్క పేరు పట్టుకోండి, ఆయన వెళ్ళిన బడి లాగ్‌బుక్ దొరికితే అది తెరవండి, క్లాసులో ఏం జరిగిందో అక్కడ చూసి మాట్లాడుకుందాం.