సంఘమంతా మళ్లీ పాడాలంటే ఏం చేయాలి?

అందరికీ వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లె, లూథరన్ సంఘం. ఆదివారం ఆరాధనలో పాట నడిపించేది నేనే. ఇదివరకు హార్మోనియం, డోలక్, తాళాలే ఉండేవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఏది ఎత్తుకున్నా పుస్తకం తెరవకుండానే గుడంతా అందుకునేది. ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్), నాలుగు మైకులు వచ్చాయి. పిల్లలు మనసుపెట్టి పాడుతున్నారు, కాదనను. కానీ చాపల మీద కూర్చున్నవాళ్లు నోరు మెదపడం లేదు. ఆరాధనకు వచ్చి పాట వినివెళ్లిపోతుంటే నాకు తట్టుకోవడం కష్టంగా ఉంది. కొత్త పాటలు వద్దంటే పిల్లలు నొచ్చుకుంటారు. ఎలా?

జవాబు 1
బ్రదర్, పాటల జోలికి వెళ్లకముందు శృతి చూడండి. మైకు పట్టుకున్న కుర్రాడి గొంతుకు సరిపోయేలా పెడితే, చరణం పైకి వెళ్లేసరికి పెద్దవాళ్లు వదిలేస్తారు. కీబోర్డులో శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ రెండు మెట్లు దించండి. తర్వాత సౌండ్. బైబిల్లో కొలొస్సయి 3:16లో పౌలు కీర్తనల గురించి చెబుతూ ‘ఒకనికి ఒకడు బోధించుచు, బుద్ధి చెప్పుచు’ అన్నాడు. పక్కవాళ్ల గొంతే వినపడకపోతే ఇక బోధించుకునేదెక్కడ? మా సంఘంలో చివరి చరణానికి మైకులు ఆపేస్తాం. మొదట్లో గుడంతా గొణిగినట్టే పాడింది. అయినా మానలేదు, ఇప్పుడు బయట రోడ్డు మీదికి వినపడుతుంది.

జవాబు 2
మా అమ్మమ్మకు చదువు రాదు. పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలు మాత్రం చరణాలతో సహా వచ్చు. ఒకరు పాదం అందిస్తే అందరూ తిరిగి పాడేవాళ్లు, అలా పట్టుబడ్డాయి. పల్లవి మాటిమాటికీ వస్తుంది కాబట్టి చరణం రానివాళ్లూ అక్కడ కలుస్తారు. కొత్త పాటల్లో మధ్యలో బీజీఎం (మాటల్లేని వాద్య సంగీతం) ఎంతసేపో, మళ్లీ ఎక్కడ అందుకోవాలో జనానికి తెలియదు. అది తీసేయండి. నెలకు ఒక్క కొత్త పాట చాలు, ఆరాధనకు ముందే పాదం పాదం అందించి నేర్పండి.

అడిగినవారు
అక్కా, బీజీఎం దగ్గరే మావాళ్లు ఆగిపోతున్నారు, సరిగ్గా చెప్పారు. పాస్టరు అయ్యగారితో మాట్లాడాను, ఈ ఆదివారం కానుకల పాట చివర్లో మైకులు ఆపుతాం. డోలక్ కూడా ఆపాలా?

జవాబు 1
డోలక్ ఉంచండి బ్రదర్. అది లేకపోతే అందరూ సాగదీసి, ఒక్కొక్కరు ఒక్కోచోట తేలతారు. మైకు మాత్రం మీది కూడా ఆపండి.