నేల మనది కాని ఇంటికి లోనా? అమెరికా మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గాజువాక నాన్న:
నేను స్టీల్‌ప్లాంటు స్ట్రక్చరల్ షాపులో చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు టెక్సాస్‌లో గాల్వెస్టన్ దగ్గర సెకండ్‌హ్యాండ్ ఇల్లు చూసుకున్నారు. ఫ్యాక్టరీలో రెండు సగాలుగా కట్టి, ట్రక్కుల మీద తెచ్చి కలిపిన ఇల్లట, దాన్నే మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్ అంటారట. నేల వాళ్లది కాదు, ఇలాంటి ఇళ్లన్నీ ఉండే లేఅవుట్ (కమ్యూనిటీ అంటారట) ఓనరుకి నెలనెలా అద్దె కట్టాలి. లోనేమో హోమ్‌లోన్ కాదు, చాటెల్ లోన్ అంటున్నారు. డౌన్‌పేమెంటుకి సాయం అడిగారు. కొమ్మాదిలో నాకు 200 గజాల సైటుంది, అమ్మి ఇవ్వగలను. కానీ మన దగ్గర ముందు జాగా, తర్వాతే ఇల్లు. జాగా లేని ఇల్లేమిటో నాకు మింగుడుపడడం లేదు.

ఇంకో టెన్షన్ సముద్రం గాలి. హుద్‌హుద్ రోజు, 2014 అక్టోబరు 12న, మా మేడ మీద రేకులు లేచి పక్క వీధిలో పడ్డాయి. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. అలాంటి గాలికి ఈ ఇల్లు ఆగుతుందా?

పద్మ, సీతమ్మధార:
బాబాయ్ గారూ, మేం అక్కడ అలాంటి ఇంట్లోనే 6 ఏళ్లున్నాం. ఇల్లు బాగుండేది. 1976 జూన్ 15 నుంచి తయారైనవన్నీ హడ్ అనే కేంద్ర గృహశాఖ కోడ్ ప్రకారం కట్టినవే. అంతకుముందువే మొబైల్ హోమ్‌లు. మాడ్యులర్ హోమ్ వేరు, ఫ్యాక్టరీదే అయినా దాన్ని పెట్టే చోటి బిల్డింగ్ కోడ్ ప్రకారం కడతారు. ఒక్కో సగానికీ బయట ఎర్ర లేబుల్ ఉందో లేదో చూడమనండి.

మమ్మల్ని ఏడిపించింది నేల అద్దె. మధ్యలో కమ్యూనిటీ చేతులు మారింది. కొత్త ఓనరు రెండేళ్లలో మూడుసార్లు పెంచాడు. ఇల్లు తీసుకుపోదామంటే విప్పి, మోసి, మళ్లీ బిగించడానికి వేల డాలర్లు. చివరికి వచ్చిన ధరకే అమ్ముకున్నాం. అద్దె ఎంతవరకు పెంచొచ్చో లీజులో రాయకపోతే సంతకం పెట్టొద్దనండి. కొన్నిచోట్ల అక్కడుండేవాళ్లే సహకార సంఘంగా ఏర్పడి నేల కొనుక్కుంటారు. అలాంటిది దొరికితే వదలొద్దు.

బ్యాంకు రిటైర్డ్, ద్వారకానగర్:
చాటెల్ అంటే చరాస్తి. మన కారు లోన్ లాంటిదే అనుకోండి. తనఖా ఇంటి మీదే, నేల మీద కాదు. అందుకే వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. సొంత నేల మీద పక్కా పునాదికి బిగిస్తే టెక్సాస్‌లో ఓనర్‌షిప్ స్టేట్‌మెంటులో స్థిరాస్తిగా నమోదు చేయించుకోవచ్చు, అప్పుడు మామూలు హోమ్‌లోన్ అడగొచ్చు. నేల లీజుదే అయితే ఎఫ్‌హెచ్‌ఏ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ పూచీ ఉండే టైటిల్ 1 లోన్ గురించి కనుక్కోమనండి. లీజు కనీసం 3 ఏళ్లుండాలి, రద్దు చేయాలంటే 180 రోజుల ముందు నోటీసివ్వాలి, ఇవి దాని షరతులు. ఆ లోన్ తీసుకోకపోయినా ఈ రెండూ లీజులో రాయించుకోవాలి.

పద్మగారి ఆయన:
సార్, గాలి సంగతి నేను చెప్తాను. ఇంటి లోపల, కిచెన్ కబోర్డులోనో కరెంటు ప్యానెల్ దగ్గరో, డేటా ప్లేట్ అని కాగితం అంటించి ఉంటుంది. అందులో విండ్ జోన్, అంటే ఎంత గాలి వీచే ప్రాంతానికి కట్టారో, చూడమనండి. గాల్వెస్టన్ కౌంటీ జోన్ 2. జోన్ 1కి కట్టిన ఇల్లు అక్కడికి పనికిరాదు. 1992లో ఆండ్రూ తుఫాను వచ్చాక, 1994లో ఈ గాలి నిబంధనలు గట్టిచేశారు. ఏ ఏడాది తయారైందో తప్పకుండా అడగండి. కింద పట్టీలు, నేలలోకి దిగిన యాంకర్ల ఫొటోలు తెప్పించుకోండి. తుప్పు పట్టాయో లేదో మాకన్నా మీకే బాగా తెలుస్తుంది.

గాజువాక నాన్న:
అందరికీ దణ్ణాలు. రాత్రి అమ్మాయితో మాట్లాడాను. ఇల్లు 2003ది, ప్లేటు మీద జోన్ 2 అనే ఉంది. లీజులో మాత్రం అద్దె పెంపు ఊసే లేదు. కొమ్మాది సైటు అమ్ముతానమ్మా, ఆ డబ్బుతో ముందు నేల కొనుక్కోండి అన్నాను. ఈ ఆదివారం అల్లుడు స్థలాలు చూడ్డానికి వెళ్తున్నాడు.