10 కిలోమీటర్ల మాడ్యూల్ 11 కిలోమీటర్లకు పనికొస్తుందా?

మిల్లు పిలగాడు, మిర్యాలగూడ:
మాది రైస్ మిల్లు. గోదాం వేములపల్లి దిక్కు ఉంది. అక్కడి లారీ కాంటా లెక్కలు, కెమెరాలు ఆఫీసులో కనపడాలని స్తంభాల మీద సింగిల్ మోడ్ ఫైబర్ (వెలుగు ఒకే దారిలో పోయే, దూరాలకు వాడే గాజుతీగ) లాగించాం. బండి మీటర్లో 9.6 కిలోమీటర్లే. రెండు వైపులా 1 గిగా, 10 కిలోమీటర్ల ఎస్‌ఎఫ్‌పీలు (స్విచ్‌లో గుచ్చే, సిగ్నల్‌ను వెలుగుగా మార్చే మాడ్యూళ్లు) పెట్టాం. లింకు వస్తోంది, పోతోంది. వడ్ల సీజన్, ఒకటే టెన్షన్. కేబుల్ వేసినాయన 40 కిలోమీటర్లవి కొనమంటున్నాడు. కొనాలా?

పాత జాయింటర్, నల్లగొండ:
ఆగు తమ్ముడూ. బండి మీటర్ రోడ్డును కొలుస్తుంది, వైరును కాదు. కేబుల్ తొడుగు మీద మీటర్ల అంకెలు అచ్చేసి ఉంటాయి, అవి చూసి చెప్పు. స్తంభాల మీద చుట్టి వదిలిన కేబుల్ కూడా అందులోనే వస్తుంది. స్విచ్‌లో వెలుగు పవర్ ఎంత చూపిస్తోంది?

మిల్లు పిలగాడు:
11.4 కిలోమీటర్లు తేలింది అన్నా. ఆరు డ్రమ్ములు. ఇటు నుంచి -6 డీబీఎం (వెలుగు బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తక్కువ) పోతోంది, అటు -20.6 అందుతోంది. మాడ్యూల్ కాగితంలో పంపేది కనీసం -9.5, అందాల్సింది -19 అని ఉంది.

పాత జాయింటర్, నల్లగొండ:
-9.5కు, -19కి మధ్య తేడా 9.5 డీబీ. అదే నీ బడ్జెట్, అంటే దారిలో ఇంతవరకు పోయినా పర్లేదు. మీ మాడ్యూల్ వాడే 1310 నానోమీటర్ల వెలుగులో కిలోమీటరుకు 0.35 చొప్పున 11.4కు 4. దారిలో 5 జాయింట్లు, చివర్ల పిగ్‌టెయిళ్లవి (కనెక్టర్ ఉన్న పొట్టి ఫైబర్ ముక్కలు) 2, ఒక్కోటి 0.1 వేసుకో, 0.7. కనెక్టర్లు నాలుగు, అరచొప్పున 2. మొత్తం 6.7. ఇంకా 2.8 మిగులే. మరి నీకు 14.6 పోతోంది! ఆ ఎక్కువ పోయే 8 డీబీకి ఇంకో 22 కిలోమీటర్ల ఫైబర్ వేయొచ్చు. ఇది దూరం గొడవ కాదు. ముందు కనెక్టర్లు తుడువు. తర్వాత ఓటీడీఆర్‌తో (వెలుగు పంపి దారిలో ఎక్కడ ఎంత పోతోందో గీతగా చూపే యంత్రం) 1310, 1550 రెండింట్లో చూపించు. 1550లో బాగా ఎక్కువ పోతే ఎక్కడో వైరు మెలిక పడ్డట్టు. రెండింట్లో ఒకేలా ఉంటే జాయింటును అనుమానించు.

కాలేజీ నెట్‌వర్క్, మహబూబ్‌నగర్:
ఒక మాట. రేపు 10 గిగాకు మారితే ఈ లెక్క చెల్లదు. 10 గిగాలో 10 కిలోమీటర్లకు వాడే ఎల్‌ఆర్ మాడ్యూళ్లకు దారిలో పోనిచ్చేది 6.2 డీబీయే, మీ 6.7 అందులో పట్టదు. మా క్యాంపస్‌లో మల్టీమోడ్ (వెలుగు చాలా దారుల్లో పోయే, తక్కువ దూరాల ఫైబర్), అక్కడ డీబీ మిగిలినా లాభం లేదు. ఓఎం3 అనే మల్టీమోడ్ రకం మీద 10 గిగా 300 మీటర్లకే ఆగుతుంది.

మిల్లు పిలగాడు:
దొరికింది అన్నా. 7.2 కిలోమీటర్ల దగ్గర, స్తంభం మీద మిగులు కేబుల్‌ను గడ్డిమోపులా బైండింగ్ వైరుతో బిగించి కట్టారు. 1550లో ఓటీడీఆర్ గీత అక్కడే పడిపోయింది. విప్పితే ఇప్పుడు -12.6. విప్పినందుకు ఆ కేబుల్ వేసినాయనే 500 అడిగాడు. ఇచ్చాం.